మనిషి ఎత్తు: వంశం ఎంత? ఆహారం ఎంత?

"మా వంశంలో అందరూ పొట్టివారే, పిల్లవాడూ అంతే" అనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ కొంత నిజం చాటున పెద్ద పొరపాటు కూడా దాగి ఉంటుంది. చాలినంత ఆహారం అందక, మాటిమాటికీ జబ్బుపడి బిడ్డ ఎదుగుదల ఆగిపోయినా, అది వంశలక్షణమేనని పెద్దలు సరిపెట్టుకుంటారు. దిద్దుకోవలసిన కాలం ఆ విధంగా గడచిపోతుంది. అందువల్ల మనిషి ఎత్తును నిర్ణయించే అంశాలను గురించి శాస్త్రజ్ఞులు తెలుసుకున్న విషయాలను ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాము.

వంశం పాత్ర

తిండికి లోటులేని ఒకే సమాజంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే ఎత్తు తేడాలలో సుమారు 80 శాతానికి జన్యువులే కారణమని అంచనా. 2022లో 'నేచర్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన 54 లక్షల మంది వివరాలను పరిశీలించి, ఎత్తుతో సంబంధం గల 12,000కు పైగా జన్యు భేదాలను గుర్తించింది. కాని జన్యువులు నిర్ణయించేది ఎంతవరకు ఎదగవచ్చుననే హద్దును మాత్రమే. మేలైన విత్తనమైనా నీరందని చేలో గిడసబారుతుంది. ఒక దేశ ప్రజల సగటు ఎత్తు రెండు మూడు తరాలలోనే పెరిగితే అందుకు జన్యువులు కారణం కాజాలవు. అవి అంత త్వరగా మారవు. మారినవి ఆహారం, వైద్యం, పరిశుభ్రత.

దేశదేశాల సాక్ష్యం

1896 నుంచి 1996 వరకు జన్మించిన వారి ఎత్తులను 200 దేశాలలో పోల్చిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. ఆ నూరేళ్లలో దక్షిణ కొరియా స్త్రీల సగటు ఎత్తు 20 సెంటీమీటర్లు, ఇరాన్ పురుషుల సగటు ఎత్తు 16 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. మన దేశంలో పెరుగుదల పురుషులలో సుమారు 3, స్త్రీలలో సుమారు 5 సెంటీమీటర్లు మాత్రమే. 1996లో జన్మించిన భారతీయ పురుషుల సగటు ఎత్తు దాదాపు 165 సెంటీమీటర్లు, స్త్రీలది 153కు కొంచెం తక్కువ.

నేడు ప్రపంచంలో అందరికంటె పొడవైన పురుషులు నెదర్లాండ్స్ వారు. అయితే 19వ శతాబ్ది మధ్యకాలంలో ఆ దేశపు సైన్యానికి ఎంపికైన యువకుల సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల ప్రాంతంలోనే ఉండేది. 1980లో జన్మించిన వారి నాటికి అది సుమారు 184కు చేరింది. 2001లో జన్మించిన వారు మాత్రం ఒక సెంటీమీటరు తగ్గారు.

సరిహద్దు ప్రాంతాలవారికి కొరియా ఉదాహరణ సులభంగా అర్థమవుతుంది. అక్కడ గీతకు ఇరువైపులా ఉన్నది ఒకే జాతి, ఒకే భాష. దేశం రెండుగా చీలిన తరువాత ఉత్తరాదిన పెరిగినవారు దక్షిణాదివారికంటె పొట్టిగా ఉన్నట్లు అటునుంచి తరలివచ్చిన వారి కొలతలు చూపాయి. అలాగే గ్వాటెమాలాలోని మాయా జాతివారు ప్రపంచంలోనే పొట్టివారని పేరుపొందారు. అమెరికాకు వలసవెళ్లిన మాయా కుటుంబాల పిల్లలు మాత్రం స్వదేశంలోని పిల్లలకంటె సుమారు 11 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నట్లు మానవశాస్త్రజ్ఞుడు బారీ బోగిన్, ఆయన సహచరులు కనుగొన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో తల్లిపాలు తాగుతూ, మంచి వసతుల మధ్య పెరిగే పిల్లలను కొలిపించింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఇందులో ఉన్నారు. చిన్నవయసులో ఆరు దేశాల పిల్లలూ దాదాపు ఒకే తీరున ఎదిగారు. 2006లో ప్రకటించిన ఎదుగుదల ప్రమాణాలకు ఇదే ఆధారం.

కీలకమైన వెయ్యి రోజులు

నెలలు నిండి పుట్టిన బిడ్డ పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. తొలి ఏడాదిలో మరి 25, రెండవ ఏడాదిలో 10 నుంచి 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇంత వేగం తరువాత ఎన్నడూ ఉండదు. గర్భం ధరించిన నాటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండే వరకు గడిచే సుమారు వెయ్యి రోజులలో కలిగిన లోటును తరువాత పూర్తిగా పూడ్చడం కష్టం.

ఎముక చివర ఉండే మెత్తని భాగం పెరుగుతూ ఉన్నంతకాలమే మనిషి పొడవు పెరుగుతాడు. దానికి మాంసకృత్తులు, జింకు, అయొడిన్ వంటివి కావాలి. విరేచనాలు, జ్వరాలు పదేపదే వస్తే తిన్నది వంటబట్టదు. శరీరం తన శక్తిని రోగంతో పోరాడడానికే ఖర్చు చేస్తుంది. అయితే 2018లో బంగ్లాదేశ్, కెన్యాలలో జరిగిన పెద్ద పరీక్షల ఫలితాలు వెలువడినప్పుడు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత మాత్రమే కల్పించిన చోట పిల్లల ఎత్తు పెరగలేదని, అదనపు పోషకాహారం ఇచ్చిన చోట కొంత పెరిగిందని తేలింది. శుభ్రత అవసరమే. అది ఆహారానికి బదులు కాదు.

హైదరాబాదు చుట్టుపక్కల గ్రామాలలో

ఈ విషయమై తెలుగునేల మీదే చెప్పుకోదగిన పరిశోధన జరిగింది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 15 గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా ఇచ్చారు. మరి 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు కౌమారదశకు వచ్చాక 2003-05లో కొలిచి చూడగా, ఉప్మా అందిన గ్రామాలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఉన్నారు. తేడా చిన్నదే. కాని పదిహేనేళ్ల క్రితం తిన్న తిండి గుర్తు శరీరంలో నిలిచి ఉండడం గమనించదగినది.

మన రాష్ట్రాలలో పరిస్థితి

వయసుకు తగిన ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లల శాతాన్ని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ఇలా తెలిపింది:

కర్ణాటక: 35.4
మహారాష్ట్ర: 35.2
తెలంగాణ: 33.1
ఆంధ్రప్రదేశ్: 31.2
ఒడిశా: 31.0
తమిళనాడు: 25.0
పుదుచ్చేరి (యానాం దీనిలోనిదే): 20.0
దేశం మొత్తం: 35.5

ఆరోగ్యవంతమైన సమాజంలో ఇటువంటి పిల్లలు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. దేశంలో 2005-06లో ఇది 48 శాతం. తగ్గుతున్న మాట నిజమే. కాని నేటికీ ముగ్గురిలో ఒకరు అంటే అది వంశాల లక్షణం కాజాలదు.

ఇంటిలోని తేడా కూడా ఇందుకు కారణమే. సీమ జయచంద్రన్, రోహిణి పాండే అనే ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఆఫ్రికా పిల్లలతో పోల్చితే మన దేశపు తొలి సంతానం వెనుకబడి లేదని, తరువాతి సంతానంలోనే ఎత్తు తగ్గుతూ వస్తున్నదని చూపారు. పెద్ద కొడుకు మీద ఉండే మక్కువే ఇందుకు ముఖ్య కారణమని వారి నిర్ణయం. ఆడపిల్ల కంచంలో తగ్గించిన ముద్ద ఆమెతో ఆగిపోదు. ఆమె రేపు తల్లి అవుతుంది. బడిలో మధ్యాహ్న భోజనం తిన్న బాలికలు తల్లులైనపుడు వారి బిడ్డలు మరింత ఎత్తు ఉన్నారని 2021లో మరొక అధ్యయనం తెలిపింది.

కుటుంబాలు గమనించవలసినవి

గర్భిణి చివర మిగిలినది తినే అలవాటు మానాలి. బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలు చాలు. ఆ తరువాత పాలు కొనసాగిస్తూనే మెత్తని అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర, వేరుసెనగ, చేప వంటివి వీలునుబట్టి పెట్టాలి. పలుచని గంజి కడుపు నింపుతుందే గాని ఎదుగుదలకు చాలదు. టీకాలు తప్పించరాదు.

మన ప్రాంతాలలో కోడలు కాన్పుకు పుట్టింటికి, అంటే తరచు మరొక రాష్ట్రానికి, వెళుతుంది. చెరకు నరకడానికి, ఇటుక బట్టీలకు కుటుంబాలు నెలల తరబడి తరలిపోతాయి. బిడ్డ కొలతలు, టీకాల లెక్క ఆ మధ్యలోనే తెగిపోతాయి. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకం దేశమంతటికీ చెందినది. తల్లీబిడ్డల కార్డును వెంట ఉంచుకొని, ఉన్న ఊరి కేంద్రంలోనే పేరు నమోదు చేయించుకోవాలి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, ఆపై నిలబెట్టి కొలిపించాలి. ఎదుగుదల మందగిస్తే వైద్యునికి చూపించాలి. థైరాయిడ్ లోపం వంటి కారణాలుంటే చికిత్స ఉన్నది. ఎముకల ఎదుగుదల ముగిశాక ఎత్తు పెంచుతామనే టానిక్కులకు పెట్టే డబ్బు వృథా.

పొట్టితనం తనంతట తాను లోపం కాదు. తగిన తిండి, వైద్యం అందాక బిడ్డ ఎంత ఎదిగితే అదే ఆ బిడ్డ సహజమైన ఎత్తు. "మా వంశమే అంత" అనే మాటను ఆ తరువాత చెప్పుకోవచ్చు.