భూకంపం ఫైలు – ఇంకా పెండింగే!

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రపై ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను చూసిన భూకంపాల గురించి, నా తప్పు గురించి వ్రాస్తున్నాను.

1969 ఏప్రిల్ 13 రాత్రి. ఖమ్మంలో చదువుకుంటున్నాను. అటక మీద గిన్నెలు గలగలలాడితే పిల్లి దూరిందని మా నాయనమ్మ కర్ర అందుకుంది. అది భద్రాచలం భూకంపం, తీవ్రత 5.7. వారం రోజులు వాడంతా వాకిళ్లలో మంచాలు వేసుకుని పడుకున్నాం. తరువాత దోమలు భరించలేక లోపలికి వెళ్లాం. భయం కూడా అంతటితో సరి.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతం కూలిపోయింది. వినాయక నిమజ్జనం చేసి అలసి నిద్రించినవారు వేలమంది మరి లేవలేదు. అంతకు ముందు ఏడాదే అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. అయినా అప్పటి పటంలో అది అన్నిటికన్నా తక్కువ ప్రమాదంగల మొదటి జోను. (2002లో ఆ జోనునే ఎత్తివేశారు.) మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, బరువైన మట్టి మిద్దెలు మీద పడి ఎక్కువమంది పోయారు. మా ఆఫీసులో చందాలు వేసుకున్నాం. ఆ జాబితా వ్రాసింది నేనే.

అంత తెలిసిన నేను, రిటైరై 2009లో ఇల్లు కట్టుకున్నప్పుడు ఏం చేశాను? "లింటెల్ మట్టంలో ఇల్లంతా చుట్టి ఇనుప చువ్వలతో కాంక్రీటు బెల్టు వేద్దామండీ. గోడలన్నీ ఒక పెట్టెలా పట్టుకుని ఉంటాయి" అన్నాడు ఇంజనీరు. "మన వైపు అంతవి రావులే" అని ఆ డబ్బుతో హాలుకు పాలరాయి వేయించాను.

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు వద్ద 5.3 తీవ్రతతో భూమి కదిలింది. మా కిటికీ మూల నుండి గోడ ఏటవాలుగా చీలింది. ఆ గోడ పక్కనే నా మనవరాలి మంచం. పాలరాయి మాత్రం చెక్కుచెదరలేదు!

కట్టిన ఇంటికి కూడా గోడల చుట్టూ ఇనుప జాలీ బిగించి సిమెంటు పూత పూసి బెల్టు ఏర్పాటు చేయవచ్చునట. ఆ పని పూర్తయ్యేవరకు పై అంతస్తు మాట ఎత్తవద్దని మా అబ్బాయికి చెప్పాను.

గ్రాట్యుటీతో ఇల్లు మొదలుపెట్టబోయే సోదరులారా! పునాదినాడే ఆ బెల్టు సంగతి అడగండి. ఈ ఫైలును నాలాగా పెండింగులో పెట్టకండి.