కంపన పర్యవేక్షణ: సిగ్నల్ అమరికలు

తిరిగే యంత్రాల కంపనాన్ని సెన్సర్లతో కొలిచి లోపాన్ని ముందే పసిగట్టడానికి విశ్లేషణ పరికరంలో చేసే సర్దుబాట్లు ఇవి. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో, గౌతమ బుద్ధ నగర్ జిల్లా దాద్రిలోని ఎన్‌టీపీసీ కేంద్రంలో 210, 490 మెగావాట్ల బొగ్గు యూనిట్లున్నాయి. 50 హెర్ట్జ్ గ్రిడ్‌కు కలిసిన ఇలాంటి టర్బైన్లు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతాయి. అంత వేగంలో చిన్న లోపం కూడా ప్రమాదమే.

మొదట గరిష్ఠ పౌనఃపున్యాన్ని నిర్ణయించాలి. దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు తీయాలి. చాలా పరికరాలు 2.56 రెట్లు తీస్తాయి. తగ్గితే లేని పౌనఃపున్యాలు ఉన్నట్టు కనిపిస్తాయి.

అసలు చిక్కు స్పెక్ట్రమ్ గీతల సంఖ్యతోనే. నిమిషానికి 2,980 సార్లు తిరిగే ఇండక్షన్ మోటారునే చూడండి. భ్రమణ వేగానికి రెట్టింపు కంపనం 99.33 హెర్ట్జ్ వద్ద, విద్యుత్ కారణంగా పుట్టేది 100 వద్ద వస్తాయి. 1,000 హెర్ట్జ్ పరిధికి 800 గీతలు పెడితే ఒక్కో గీత 1.25 హెర్ట్జ్, రెండూ ఒకే శిఖరమవుతాయి. తప్పు అలైన్‌మెంట్‌దా, స్టేటర్‌దా అన్నది తేలదు. 200 హెర్ట్జ్‌కు 3,200 గీతలు పెడితే శిఖరాలు స్పష్టంగా విడిపోతాయి. కొలతకు 16 సెకన్లు పడుతుంది, ఆ లోగా వేగం మారకూడదు. మోటారును అనవసరంగా విప్పడం కన్నా ఈ నిరీక్షణే మేలు.

నిలకడ వేగానికి హానింగ్ విండో సరిపోతుంది. బేరింగ్ లోపాల తొలి దశకు ఎన్వలప్ విశ్లేషణ కావాలి. పాత కొలతతో పోల్చేముందు రెండింటి అమరికలూ ఒకటేనని తప్పక చూసుకోవాలి.