మిద్దె ఇంటికి ముప్పై వేలు

పాత ఇళ్ళు ఎందుకు పోయాయంటే మనవాళ్ళు రెండు జవాబులు చెబుతారు. అన్నదమ్ములు పంచుకున్నారు, లేదా పిల్లలకు కొత్త మోజు. రెండూ నిజమే. కాని ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఇంటి అప్పుల ఫైళ్ళు చూస్తున్న నాకు మూడో కారణం కనబడుతుంది. అది చట్టంలోనే ఉంది.

మదరాసు జార్జిటౌనులో మనవాళ్ళు కాపురమున్న ఇళ్ళను తలచుకోండి. వీధి అరుగు, నడవ, మధ్యలో ఆకాశం కనబడే మండువా (కొందరు తొట్టి అంటారు), వెనక వంటిల్లు. పైకప్పు 'మద్రాసు టెర్రస్'. టేకు దూలాలను దగ్గర దగ్గరగా వేసి, వాటిపైన అంగుళం మందం చిన్న ఇటుకలను నిలబెట్టి, ఏటవాలు వరుసలుగా సున్నంతో పేర్చేవారు. ఆపైన ఇటుకముక్కలూ సున్నమూ కలిపి పరచి, కరక్కాయా బెల్లమూ ఊరిన నీళ్ళు చల్లుతూ కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టేవారు. సిమెంటు లేదు. దూలం కొస గోడలోని తేమకు పుచ్చితే ఆ ఒక్క దూలాన్నే మార్చుకోవచ్చు. అంటే బాగుచేయడానికి అనువుగా కట్టిన ఇల్లు అది.

ఇక చట్టం. 1961 ఆదాయపు పన్ను చట్టం 24వ సెక్షను ప్రకారం సొంతంగా ఉంటున్న ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు ఉండేది. 1998లో ఆ పరిమితి 30,000 రూపాయలు. కొత్త ఇంటికైనా పాత ఇంటి మరమ్మతుకైనా అదే. 1999లో దారులు చీలాయి. కట్టడానికీ కొనడానికీ చేసే అప్పుకు 75,000 చేశారు. 2000లో లక్ష, 2001లో లక్షన్నర, 2014లో 2 లక్షలు. మరమ్మతుకు మాత్రం ఆ 30,000 దగ్గరే ఆగిపోయింది. అసలు చెల్లింపుకు వచ్చే మినహాయింపు కూడా కాపురం పెట్టేశాక చేసే మార్పులకు వర్తించదు.

ఈ లెక్క విన్న ఒక పెద్దాయన మా బ్రాంచిలో వేళ్ళు మడిచి చూసుకున్నారు. ఆయన కొడుకు 30 శాతం శ్లాబులో ఉన్నాడు. "నిలబెడితే ఏడాదికి తొమ్మిది వేలు, పడగొట్టి కడితే అరవై వేలా బాబూ?" అన్నారు. సెస్సు వదిలేస్తే లెక్క సరిగ్గా అంతే. దానికి తోడు వాల్యూయరు రిపోర్టు వచ్చింది. స్థలానికి మార్కెట్ ధర, కట్టడానికి సున్న. టేకు దూలాలు ఆ సున్నలోనే కలిశాయి. ఇల్లు పడగొట్టినవాడు మాత్రం వాటికి మంచి ధరే కట్టి బండికెత్తాడు!

2020లో వచ్చిన కొత్త పన్ను విధానంలో చేరినవారికి సొంత కాపురం ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు, కనుక అక్కడ ఆ తేడా పోయింది. పాత విధానంలో 30,000 అలాగే ఉంది. మరమ్మతు అప్పుకు ఇప్పుడూ ఏడాదికి కొందరు వస్తారు. వాళ్ళు తెచ్చే ఎస్టిమేటులో దూలం మాట ఉండదు, మాడ్యులర్ కిచెన్ ఉంటుంది.