స్తన క్యాన్సరు - కిరణ చికిత్స

మన జిల్లాలలో ఈ చికిత్సకు ‘కరెంటు పెట్టుట’ అని పేరు. రొమ్ములోని గడ్డ తీయించుకొని, కుట్లు మానినవని సంతోషించుచున్న స్త్రీతో డాక్టరుగారు, “అమ్మా, ఇక కరెంటు పెట్టించుకోవలె” నందురు. ఆ మాట వినగానే ఆమె మనస్సున మెదలునది తీగ, మంట, షాకు. నిజమునకు ఆమె దేహమును తాకునది విద్యుత్తు కాదు, కంటికి కానరాని కిరణము. ఛాతీకి ఎక్సురే ఫోటో తీయునపుడు ఎట్లు నొప్పి తెలియదో, ఇదియు తగులునపుడు అట్లే తెలియదు. అయినను పేరే భయపెట్టుచున్నది. ఆ భయమున ఆసుపత్రి గడప తొక్కనివారును, నాలుగు దినములు పోయి మానివేసినవారును కలరు.

ఈ చికిత్సకు పోవు స్త్రీకి ఆసుపత్రివారు చిన్న చిన్న ఆజ్ఞలు పెక్కు ఇత్తురు. ప్రతిదినము రావలె, చేయి తలపైకి ఎత్తి కదలక పండుకొనవలె, ఒంటిమీద పెట్టిన చుక్కలు చెరపరాదు, ఊపిరి బిగబట్టవలె, చర్మము రుద్దరాదు. కారణ మడుగుటకు ఆమెకు ధైర్యము చాలదు, విడమరచి చెప్పుటకు వారికి తీరిక చాలదు. కాని ఈ ఆజ్ఞలలో ఏదియు ఊరక పుట్టినది కాదు. ఒక్కొక్కదాని వెనుక ఏండ్ల తరబడి నడచిన కథ కలదు. అది తెలిసినచో భయములో కొంతయైన తగ్గునని తలచి ఈ ప్రసంగమును సిద్ధపరచితిమి.

1895వ సంవత్సరము నవంబరులో జర్మనీ దేశపు వుర్జుబర్గు నగరమున రోంట్జెను పండితుడు ఎక్సు కిరణములను కనుగొనెను. మరి రెండు మూడు నెలలకే, 1896 జనవరిలో, అమెరికాలోని చికాగో నగరమున గ్రుబే అను యువకుడు రొమ్ము పుండుతో బాధపడు ఒక స్త్రీకి ఈ కిరణములు పట్టెనట. ‘అట’ యని యనుటకు కారణము, అతడు ఈ సంగతిని అచ్చులో ప్రకటించినది మూడు దశాబ్దములు దాటిన పిమ్మట. ఆయన చెప్పిన తేదీని అందరును అంగీకరింపరు. ఆయన చేతి సంగతిలో మాత్రము సందేహము లేదు. కిరణములతో ఏండ్ల తరబడి పనిచేసిన ఫలముగా ఆ చేయి పుండుపడి, తుదకు తీసివేయవలసి వచ్చెను. పారిసులో బెకరెలు పండితుడు రేడియము గొట్టమును కోటు జేబులో వేసికొని తిరుగగా జేబు క్రింది చర్మము కాలెను. పియెరు క్యూరీ కావలెనని తన చేతిమీదనే రేడియము నుంచుకొని, పుట్టిన పుండు ఎట్లు మానునో దినదినము వ్రాసికొనెను. చంపగలిగినది మాన్పగలుగునేమో యను ఊహ ఆ పుండ్లలోనుండియే పుట్టినది.

చిక్కు ఎక్కడ వచ్చెననగా, క్యాన్సరును చంపునంత కిరణమును ఒక్కమారు పట్టినచో పైనున్న చర్మము కూడ చచ్చుచుండెను. తక్కువ పట్టినచో గడ్డ బ్రతుకుచుండెను. ఈ ముడిని విప్పినది, వినుటకు వింతగా నుండును గాని, పొట్టేళ్లు. పారిసు రేడియం సంస్థలో రెగో అను శాస్త్రజ్ఞుడు పొట్టేళ్ల వృషణములమీద పరిశోధనలు జరిపెను. ఒక్కసారిగా కిరణము పట్టి బీజోత్పత్తి నాపబోగా తిత్తి చర్మము పుండుపడెను. ఆ కిరణమునే కొన్ని దినములమీద పంచి పట్టగా బీజోత్పత్తి నిలిచిపోయెను, చర్మమునకు పెద్ద హాని కలుగలేదు. ఎడతెగక విభజనము చెందు కణములు దెబ్బమీద దెబ్బకు కోలుకొనలేవు. చర్మము వంటి ఆరోగ్యకణజాలము రెండు దెబ్బల నడుమ తన్ను తాను బాగుచేసికొనును. ఆయన సహచరుడు కూటారు 1920లలో ఈ పద్ధతిని గొంతు క్యాన్సరు రోగులకు ఉపయోగించి చూపెను. నేడు మన ఆడపడుచును “రేపు రమ్ము, ఎల్లుండి రమ్ము” అని పిలుచుట ఆ పొట్టేళ్లు నేర్పిన పాఠమే. అందుచేతనే నడుమ దినములు తప్పించుకొనుట మంచిది కాదు. విడిచిన వ్యవధిలో క్యాన్సరు కణములును కోలుకొనును. పెండ్లి వచ్చినను పండుగ వచ్చినను డాక్టరుగారితో చెప్పకుండ మానరాదు.

ఇక రొమ్ము సంగతి. 1894లో బాల్టిమోరు నగరమున హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు తన పద్ధతిని ప్రకటించెను. రొమ్మునే కాక దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను కలిపి ఒక్క ముద్దగా తీసివేయుట ఆ పద్ధతి. అంతకుముందు ఈ రోగము వచ్చినవారికి మిగిలినది చావే గనుక ఆయనను నిందింప బనిలేదు. కాని ఆ పద్ధతి ముప్పాతిక శతాబ్దము సింహాసన మెక్కి కూర్చుండెను. ఎముకలు తేలిన ఛాతీతో, వాచిన చేతితో, స్త్రీలు బ్రతికినందుకే సంతోషింపవలసి వచ్చెను.

దానిని ప్రశ్నించినవారిలో లండను సెంటు బర్తలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జెఫ్రీ కీన్సు ముఖ్యుడు. ప్రసిద్ధ ఆర్థికశాస్త్రవేత్త కీన్సుకు ఈయన తమ్ముడు. 1920లలో ఈయన రేడియము నింపిన సూదులను రొమ్ములోను చంకలోను వరుసగా గ్రుచ్చి, కొన్ని దినము లుంచి తీసివేయుచుండెను. తొలుత శస్త్రచికిత్సకు వీలుపడని వారికి చేసెను. గడ్డలు కరగుట చూచి, పిమ్మట శస్త్రచికిత్సకు తగినవారికిని చేసెను. అవసరమైనచోట గడ్డను మాత్రము తీసి, రొమ్మును నిలిపెను. 1937లో తన ఫలితములను ప్రకటించి, బ్రతికినవారి సంఖ్య పెద్ద కోతకు తీసిపోలేదని చూపెను. సాటి వైద్యులు చెవినిడరైరి. వారిది కేవలము మొండితనమని మేము చెప్పజాలము. కీన్సు రోగులకును ఇతరుల రోగులకును సరిసమానమైన పోలిక జరుగలేదు, సందేహమునకు చోటుండెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. బాంబులు పడి రేడియము వీధులపాలగునను భయముచే దానిని భూమిలోతున దాచిరి. కీన్సు యుద్ధసేవకు పోయెను. రొమ్ము నిలుపు మార్గము కొన్నేండ్లు మూతపడెను.

ఇచ్చట నొక మాట చెప్పవలె. కీన్సు చేతి సూదులు దేహములో నున్నన్ని దినములు ఆ స్త్రీయే కిరణములకు మూలము; దగ్గర మసలువారికిని ఆ కిరణములు తగులును. “కరెంటు పెట్టించుకొన్న తల్లి పిల్లను ఎత్తరాదు” అను మాట ఆ సూదుల కాలమునకు తగును. నేడు రొమ్ముకు సాధారణముగా చేయు చికిత్స బయటి యంత్రముతో. యంత్ర మాగినతోడనే కిరణము ఆగును, ఆమెలో ఏమియు మిగులదు. ఇంటికి వచ్చి పసిబిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును, అన్నము కలిపి పెట్టవచ్చును.

యుద్ధానంతరము ఈ ప్రశ్నను మరల లేవనెత్తినవారిలో కెనడా దేశపు టొరాంటో నగర వైద్యురాలు వేరా పీటర్సు ఒకరు. గడ్డను మాత్రము కోసి కిరణములు పట్టినను ఫలితము మంచిదేయని 1967లో ప్రకటించెను. నిశ్చయమైన తీర్పు రెండు పెద్ద పరిశోధనలవలన లభించెను. ఇటలీలోని మిలాను నగరమున వెరోనేసి 701 మంది స్త్రీలను చీటి వేసినట్లు రెండు పాయలుగా విభజించి, ఒక పాయకు హాల్‌స్టెడ్ కోతను, రెండవ పాయకు కొంతభాగము మాత్రము తీసి కిరణములను ఏర్పరచెను. 1981లో ప్రకటించిన ఫలితమున బ్రతికినవారిలో భేదము కానరాలేదు. అమెరికాలో ఫిషరు నాయకత్వమున జరిగిన పరిశోధనలో 1,800 మందికి పైగా స్త్రీలు పాల్గొనిరి. దాని ఇరువదియేండ్ల ఫలితము 2002లో వెలువడెను. గడ్డ మాత్రము తీసి ఊరకున్నవారిలో 100కి 39 మందికి అదే రొమ్మున రోగము మరల వచ్చెను. గడ్డ తీసి కిరణములు పట్టినవారిలో అట్లు వచ్చినది 14 మందికి. రొమ్మును నిలుపుకొని కిరణ చికిత్సను మానుకొనదలచు సోదరి ఈ రెండంకెలను ఒక్క క్షణము తూచి చూడవలెను. రొమ్ము పూర్తిగా తీసినవారిలో కొందరికే ఇది కావలసి యుండును. వృద్ధాప్యమున చిన్న గడ్డ వచ్చిన కొందరికి అవసరమే లేకపోవచ్చును. అది వైద్యుడు నిర్ణయింపవలసిన సంగతి.

మన వైపునకు ఈ విద్య మదరాసు మీదుగా వచ్చెను. 1934లో అచ్చటి జనరల్ ఆసుపత్రిలో బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసెను. 1954లో ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికతో అడయారులో క్యాన్సరు సంస్థ తలుపులు తెరచెను. ఆ దశాబ్దము గడవకముందే అచ్చటికి కెనడానుండి కోబాల్టు యంత్రము వచ్చెను. హైదరాబాదులో 1955లో మొదలైన ఆసుపత్రి నేడు మెహదీ నవాజ్ జంగ్ పేర నడచుచున్నది. కోబాల్టు రాక చర్మమునకు వరమయ్యెను. అంతకుముందటి ఎక్సురే యంత్రముల దెబ్బ చర్మముమీదనే హెచ్చుగా పడెడిది. కోబాల్టు కిరణపు బలము చర్మమును దాటి అర సెంటీమీటరు లోపల పరాకాష్ఠ నందును. నేటి లీనియర్ యాక్సిలరేటరులలో అది ఇంకను లోతునకు జరుగును. నల్లగా మాడిన ఛాతీని గూర్చి అమ్మమ్మలు చెప్పిన కథలు అబద్ధములు కావు, పాత యంత్రములవి.

లోతునకు పోవు కిరణము మరియొక చిక్కు తెచ్చెను. ఎడమ రొమ్ము వెనుక గుండె కలదు. స్వీడను, డెన్మార్కు దేశములలో 2,000కు పైగా స్త్రీల వివరములు పరిశీలించి 2013లో ప్రకటించిన దానినిబట్టి, గుండెకు తగిలిన కిరణము హెచ్చినకొలది గుండెజబ్బు అవకాశమును హెచ్చుచున్నది. దానికి విరుగుడు సులభమైనది. నిండుగా ఊపిరి పీల్చి బిగబట్టినచో ఊపిరితిత్తి ఉబ్బి గుండె రొమ్మునకు దూరముగా జరుగును. ఆ కొన్ని క్షణములలోనే కిరణము విడుతురు. ఈ పద్ధతి ఉన్న ఆసుపత్రిలో ఎడమవైపు చికిత్సకు పోవువారు ముందుగానే ఇంట ఇరువది సెకండ్లు ఊపిరి నిలుపుట అభ్యసించుట మేలు.

చికిత్సకు ముందు ఒక దినము ‘ప్లానింగు’ అని పిలుతురు. ఆనాడు స్కానింగు తీసి, చర్మముమీద చుక్కలు పెట్టుదురు. కొన్నిచోట్ల సూదితో చిన్న పచ్చబొట్టు చుక్కలే పొడుచుదురు. ప్రతిదినము అదే చోట, అదే కోణమున కిరణము పడుటకు ఆ చుక్కలే గురుతు. చేయి తలపైకి లేవనిదే కిరణమునకు దారి యుండదు. కావున కోత తరువాత నేర్పిన భుజపు వ్యాయామములను బద్ధకింపక చేసిన స్త్రీ ఆ బల్లమీద సుఖముగా పండుకొనగలదు. చేయనివారు ఆ నాలుగు నిమిషములు కన్నీరు పెట్టుట కలదు.

మంగళసూత్రము మాట చాలమంది అడుగలేక లోలోన నలుగుదురు. కిరణము పడుచోట లోహ ముండరాదని గొలుసు తీయుమందురు. పసుపుత్రాడు మెడలో ఉంచుకొనవచ్చునా యని ముందే అడిగి తెలిసికొనినచో మొదటిదినము బల్లయొద్ద తడబాటు ఉండదు. రవిక విప్పుటకు సిగ్గుపడువారు, స్త్రీ ఉద్యోగిని ఎవరైన లోపల ఉండి సర్దవలెనని కోరవచ్చును; అది అడుగదగిన కోరికయే. యంత్రము పనిచేయునపుడు గదిలో ఆమె ఒంటరిగా నుండును, బరువైన తలుపు మూయుదురు, తలుపుపైన ఎఱ్ఱదీపము వెలుగును. మా స్టూడియో తలుపుమీదను అట్టి దీపమే యున్నది గనుక ఆ ఒంటరితనము మాకు కొంత తెలియును. కాని బయటివారు తెరమీద ఆమెను చూచుచునే యుందురు. పిలిచిన వినబడును.

చర్మమును గూర్చి. రెండు మూడు వారములకు ఎండలో కందినట్లు ఎఱ్ఱబడి దురద పుట్టును. రొమ్ము మడతలోను చంకలోను కొందరికి పొర లేచును. పూర్వము చికిత్స ముగియువరకు అచ్చట నీరు తగులరాదనెడివారు. మన ఎండలలో అది ఎంత శిక్షయో చెప్పనక్కరలేదు. 1992లోను 2001లోను ప్రకటింపబడిన పరిశోధనలు, మెత్తని సబ్బుతో గోరువెచ్చని నీట కడుగుకొనుటవలన హాని లేదని తేల్చెను. కడుగవచ్చును గాని సున్నిపిండి పెట్టి రుద్దరాదు. పసుపు ముద్దలు, ఆకు పసరులు, వేడి కాపడము పనికిరావు. వదులైన నూలు రవికయే మంచిది. అలసట మరియొకటి. ఇది పనిచేసిన అలసట కాదు, నిద్రతో పూర్తిగా తీరునది కాదు. దినమునకు కొంత దూరము నడచినవారికి అది తక్కువగా నుండునని పరిశోధకులు చెప్పుట వింతగా తోచును గాని నిజము. ఇంటిలో అత్తగారు, తోడికోడలు, భర్త బిందె మోయుట, బట్టలుతుకుట తమమీద వేసికొనవలసిన కాల మిది.

మన పల్లెలవారికి నిజమైన కష్టము కిరణము కాదు, దూరము. ఐదారు వారములు పట్నములో గది అద్దె, కూలి పోగొట్టుకొని తోడుండు మనిషి, ఇంట విడిచిన పిల్లలు. ఈ భారమును తగ్గించినవి ఇటీవలి పరిశోధనలే. 50 గ్రేల కిరణమును 25 దినములకు పంచుట పాత పద్ధతి. 2002లో, మరల 2010లో ఫలితములు ప్రకటించిన కెనడావారు 16 మారులు చాలుననిరి. ఇంగ్లండువారు 40 గ్రేలను 15 మారులుగా ఇచ్చి మూడు వారములలో ముగించిరి. 2020లో వెలువడిన మరియొక ఇంగ్లీషు పరిశోధనలో 4,000కు పైగా రోగులు పాల్గొనగా, 26 గ్రేలను ఐదే మారులుగా ఒక్క వారములో ఇచ్చుట మూడువారముల చికిత్సకు ఐదేండ్లవరకు తీసిపోలేదని తేలెను. అందరికిని ఇది తగదు, అన్ని ఆసుపత్రులలోను లేదు. అయినను శ్రీకాకుళము నుండియో ఆదిలాబాదు నుండియో వచ్చు తల్లి, “నాకు ఎన్ని దినములు? తక్కువలో వీలగునా?” అని మొదటిదినమే అడుగుట ఉచితము.

చివరిదినము యంత్రముతో పని తీరును గాని చర్మముతో తీరదు. ఎఱ్ఱదనము, మంట చికిత్స ముగిసిన తరువాత వారము పదిదినములకు హెచ్చి, ఆ పిమ్మట తగ్గుముఖము పట్టును. అప్పటికి ఆమె తన ఊరిలో నుండును. ఆసుపత్రి విడుచుటకు ముందే, పొర లేచి నీరు కారినను, జ్వరము తగిలినను, చేయి వాచినను ఎవరికి ఫోను చేయవలెనో ఒక కాగితముమీద వ్రాయించుకొని, దానిని ఇంటిలో అందరికిని కనబడునట్లు గోడకు అంటింపవలెను.