పులిమేక ఆటలో 3 పులులు, 15 మేకలే ఎందుకు?

ఈమధ్య సెలవుల్లో పిల్లలకి పులిమేక నేర్పేవోళ్ళు, ఆట తొందరగా తేలాలని మేకల్ని మొదటినుంచే కదలనిచ్చేస్తున్నారు. ఆ ఒక్క మార్పుతో ఆట చచ్చిపోతుంది. ఎందుకో చెప్తాను.

ముందు పటం చూడండి. పైన కొండకొమ్ములాగా ఒక చుక్క. అక్కడినుంచి కిందకి 4 గీతలు. వాటికి అడ్డంగా 3 గీతలు, ఒక్కోదాని మీద 6 చుక్కలు. అట్టడుగున 4. మొత్తం 23. పులులు 3, మేకలు 15. మేకలన్నీ దిగాక, ఒక్కటీ చావకపోతే, ఖాళీ ఉండేది 5 చుక్కలే. ఆ అయిదింటి కోసమే తగువంతా.

పులి ముందు మేక ఉండి, దాని వెనక చుక్క తిన్నగా ఖాళీగా ఉంటే దూకి తినేస్తుంది. మేక ఎవర్నీ చంపలేదు, వెనకాల ఇంకో మేకని నిలబెట్టుకుని దారి మూయడమే. పైగా 15 మేకలూ దిగేదాకా ఒక్కటీ కదలకూడదు. ఊడ్చిన మొక్కని పీకి పక్క మడిలో పెట్టనట్టే, పెట్టిన మేక పెట్టినచోటే. తప్పుచోట పెట్టినోడు మేకని పోగొట్టుకుంటాడు. కదలనిస్తే తప్పుకి ఖరీదే ఉండదు, పులికి తిండీ ఉండదు.

ఇది మన ఒక్కళ్ళ ఆటేం కాదండోయ్. తమిళులు ఆడుపులి ఆట్టం అంటారు. శ్రీలంకలో ఇరిగేషన్ శాఖలో పనిచేసిన పార్కర్ అనే దొర 1909లో అచ్చయిన తన పుస్తకంలో అక్కడి చిరుతపులి ఆటల గురించి రాశాడు. కాలవలు, చెరువుల మనిషి ఆటలమీద రాయడం నాకు భలే నచ్చింది. నేపాల్ బాఘ్‌చాల్‌లో 25 చుక్కలు, 4 పులులు, 20 మేకలు. అన్నీ దిగితే ఖాళీ ఒక్కటే! మనదానికన్నా ఇరుకు. అయినా తూకం కుదిరింది. లిమ్ యూ జిన్, నీవర్‌గెల్ట్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో లెక్క కట్టి, ఇద్దరూ తప్పులేకుండా ఆడితే ఎవరూ గెలవరని తేల్చారు. యూరప్‌వాళ్ళ నక్క-బాతుల ఆటలో బాతులు మొదట 13, తరవాత 15, 17 అయ్యాయి. వాళ్ళూ ఆ సంఖ్య దగ్గరే తంటాలు పడ్డారన్నమాట.

మరి చిన్నపిల్లలకి తేలిక చెయ్యకూడదా? చెయ్యొచ్చు, మన దేశంలోనే దారి ఉంది. కవ్వా ఆటని అయిదు కొమ్ముల నక్షత్రం మీద ఆడతారు. 10 చుక్కలు, ఒక రాబందు, 7 కాకులు. పటం చిన్నది, కాయలు తక్కువ, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. కానీ కాకులన్నీ దిగేదాకా ఏదీ కదలదు, కాకి ఎవర్నీ చంపదు. తగ్గించినోళ్ళు ఆ రెండూ ముట్టుకోలేదు. మనమూ అలాగే తగ్గించాలి. రాబందుకి కొబ్బరి చిప్పముక్క, కాకులకి చింతపిక్కలు చాలు.

పెద్ద పటంలో ఎన్ని మేకలు పోతే ఓడినట్టో ఊరికో లెక్క. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు మీ ఊళ్ళో ఎన్నో కింద రాయండి. పటం గీసి ఫోటో పెడితే ఇంకా మంచిది.