ధ్వని ప్రసారంలో గేజి సమస్య

సికిందరాబాదునుండి నిజామాబాదు మీదుగా మన్మాడుకు పోయే రైలుమార్గం మొదట మీటరు గేజిదే. మన్మాడునుండి బొంబాయికి పోయే మార్గమో, 1.676 మీటర్ల బ్రాడ్‌గేజి. 1937లో స్థాపితమైన బోధన్ కర్మాగారపు చక్కెర ఆ దారిన పోవాలంటే ఒక పెట్టెనుండి దింపి మరొక పెట్టెలోకి ఎక్కించవలసిందే. పెట్టెలలో లోపంలేదు, పట్టాలలోనూ లోపంలేదు, కొలతలే కలవవు. ఈ శతాబ్దారంభంలో నిజామాబాదు మార్గం బ్రాడ్‌గేజి అయింది. సరిగ్గా ఆ రోజులలోనే ధ్వని పరికరాలకు ఇదే చిక్కు వచ్చిపడింది.

పూర్వం సభామందిరాలలో ఒక్కొక్క మైకుకు ఒక్కొక్క తీగ ఉండేది. తీగలో పోయేది విద్యుత్తే గదా! ఎవరు చేసిన మైకునైనా ఎవరి యాంప్లిఫయరుకైనా తగిలించవచ్చు. తరువాత ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఆ అంకెలను చిన్న పొట్లాలుగా కట్టి, కంప్యూటరు తీగపై పంపే పద్ధతి వచ్చింది. ఒక్క తీగ వందల తీగల పని చేస్తుంది. 1996లో అమెరికాలో కోబ్రానెట్, 2006లో ఆస్ట్రేలియాలో డాంటే, 2010లో జర్మనీలో రావెన్నా పుట్టాయి. అయితే ఒకరి పొట్లాన్ని మరొకరి యంత్రం విప్పలేదు.

1948లో ఏర్పడిన ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 2013లో ఏఇఎస్67 అనే ప్రమాణాన్ని వెలువరించింది. అది కొత్త పద్ధతి కాదు. ఎవరి పద్ధతి వారికి ఉండగానే, అందరూ అదనంగా పాటించవలసిన కనీసపు ఒడంబడిక: పొట్లానికి 48 కొలతలు, సెకనుకు వెయ్యి పొట్లాలు.

అసలు కష్టం పొట్లంలో లేదు, గడియారంలో ఉంది. రెండు యంత్రాల గడియారాలలో పది లక్షలలో ఒక వంతు తేడా ఉన్నా, సుమారు 21 సెకన్లకు ఒక కొలత హెచ్చో తగ్గో అవుతుంది. చెవికి అది చిటుక్కుమంటుంది. అందుచేత అన్నీ ఒకే గడియారాన్ని అనుసరించాలి. డాంటే అనుసరించినది 2002నాటి కాలనియమం. ఒడంబడిక కోరినది 2008నాటిది. పేరొకటే, భాష వేరు! కనుక డాంటే యంత్రం రెండు నియమాలనూ నేర్వవలసివచ్చింది. 2014లో మ్యూనిచ్ నగరంలో వేరువేరు సంస్థలవారు తమ యంత్రాలను ఒకచోట చేర్చి, కలిపి పరీక్షించుకున్నారు. 2017లో టెలివిజన్‌వారు కూడా తమ ధ్వని ప్రమాణానికి ఏఇఎస్67నే ఆధారంగా తీసుకున్నారు.

ఒక లోటు మాత్రం మిగిలింది. వేరువేరు జాతుల యంత్రాలు ఒకదానినొకటి ఎట్లా కనుగొనాలో ఈ ప్రమాణం నిర్బంధంగా చెప్పలేదు. మందిరంలో ధ్వని పలుకుతుంది గాని, కొన్నిచోట్ల ఏ మైకు ఏ చిరునామాలో ఉన్నదో ఇంజనీరు చేతితో నమోదు చేయవలసివస్తున్నది.