కోవూరు ఉపఎన్నికలు: ఓటరు గడప ముందు అభ్యర్థి

శాసనసభలో ఒక సభ్యుడు మరణించినా, రాజీనామా చేసినా, సభ్యత్వానికి అనర్హుడైనా ఆ స్థానానికి మళ్ళీ ఎన్నిక జరుగుతుంది. దానినే ఉపఎన్నిక అంటాము. సాధారణ ఎన్నికలలో రాష్ట్రమంతా ఒకేసారి ఓటు వేస్తుంది. ముఖ్యమంత్రి ఎవరు కావాలన్న ప్రశ్న ముందుకు వచ్చి, మన ఊరి కాలువ, మన పేట బడి, మన శ్మశానవాటిక ప్రహరీ వెనుకకు పోతాయి. ఉపఎన్నిక తీరు వేరు. ఒక్క సభ్యుని గెలుపోటములతో ప్రభుత్వం సాధారణంగా మారదు. అయినా పార్టీల పరువు ఆ ఒక్క స్థానం మీదనే నిలుస్తుంది కనుక, అగ్రనాయకులందరూ అక్కడికే తరలివస్తారు. కొన్ని వారాలపాటు ప్రతి గుమ్మం ముందూ చేతులు జోడించిన మనిషి కనబడతాడు. ఆ చేతులకు మనం ఏమి జవాబు చెబుతున్నామన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఇందుకు నెల్లూరు తీరంలోని కోవూరు నియోజకవర్గం మంచి ఉదాహరణ. పెన్నానది సముద్రంలో కలిసే చోట ఇరువైపులా ఉన్న ప్రాంతమిది. 2008 నాటి పునర్విభజన ప్రకారం కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం, కొడవలూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాలు ఇందులో ఉన్నాయి. విడవలూరు, ఇందుకూరుపేట మండలాల తూర్పు అంచు సముద్రమే. మైపాడు రేవు ఇక్కడిదే. వరి పండించే రైతు, రొయ్యల గుంటల మీద పనిచేసే కూలి, వల వేసే మత్స్యకారుడు, బుచ్చి బజారులో చిన్న దుకాణం పెట్టుకున్న ముస్లిం, అందరూ ఒకే ఓటర్ల జాబితాలో ఉంటారు. ఈ ‘ఒకే జాబితా’ అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మన తాతల కాలంలో అది లేదు.

1906లో ఆగాఖాన్ నాయకత్వాన సిమ్లాలో వైస్రాయి మింటోను కలుసుకున్న ముస్లిం ప్రతినిధి వర్గం ముస్లిములకు ప్రత్యేక ప్రాతినిధ్యం కావాలని కోరింది. 1909 చట్టం దానిని అంగీకరించింది. ముస్లిం స్థానాలకు ముస్లిములే అభ్యర్థులు, ముస్లిములే ఓటర్లు. 1919 సంస్కరణల తరువాత 1920లో మద్రాసు శాసనమండలికి జరిగిన ఎన్నికలలోనూ, 1935 చట్టం క్రింద 1937లో, 1946లో జరిగిన ఎన్నికలలోనూ ఇదే పద్ధతి నడిచింది. 1937లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 28 ముస్లిములకు కేటాయించారు. నెల్లూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని జిల్లా.

ఆ ఏర్పాటు వలన సభలో ముస్లిం గొంతు వినిపించిన మాట కాదనలేము. అయితే దానికి రెండవ వైపు కూడా ఉంది. ఓటు హక్కు ఆస్తిని, పన్నును, చదువును బట్టి ఉండేది కనుక కూలికి, పేద వితంతువుకు ఓటు లేదు. ఇక సాధారణ స్థానానికి పోటీచేసే అభ్యర్థికి ముస్లిం పేటతో పనే లేదు. ఆ వీధిలో అతనికి ఒక్క ఓటు కూడా లేనప్పుడు అక్కడికి ఎందుకు వస్తాడు? అదేవిధంగా ముస్లిం అభ్యర్థికి పొరుగున ఉన్న హిందూ రైతు కష్టంతో పని లేదు. ఒకే కాలువ నీరు త్రాగే ఇద్దరు పొరుగువారికి వేరువేరు ప్రతినిధులు ఉండేవారు.

రాజ్యాంగ పరిషత్తులో ఈ సమస్యపై గట్టి చర్చ జరిగింది. మద్రాసుకు చెందిన పోకర్ సాహెబ్ 1947 ఆగస్టులో ప్రత్యేక నియోజకవర్గాలు కొనసాగాలని వాదించారు. ముహమ్మద్ ఇస్మాయీల్ సాహెబ్‌దీ అదే అభిప్రాయం. బేగం ఐజాజ్ రసూల్ మాత్రం సంయుక్త ప్రాంతాల ముస్లిం సభ్యురాలై ఉండి కూడా, రక్షణ పేరుతో వేరుపడటం ముస్లిములకే నష్టమని వాదించారు. చివరకు ప్రత్యేక నియోజకవర్గాలు రద్దయినాయి. మతపరమైన అల్పసంఖ్యాకులకు స్థానాలు కేటాయించాలన్న ఆలోచనను కూడా 1949 మే నెలలో విరమించుకున్నారు. రాజ్యాంగం 325వ అధికరణం మతాన్ని బట్టి ఎవరినీ ఓటర్ల జాబితా నుండి తొలగించరాదన్నది. 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. మొదట 21 ఏళ్ళుగా ఉన్న వయోపరిమితిని 1989లో 18కి తగ్గించారు.

అప్పట్లో చాలామంది పెద్దలకు ఇది నష్టంగానే తోచింది. స్థానాలు పోయాయి, నిజమే. శాసనసభలో మన సంఖ్య జనాభా నిష్పత్తికి తగినట్లు లేదన్న బాధ నేటికీ తీరలేదు. కాని పోయిన దానికి బదులు ఒకటి దక్కింది. ఏ అభ్యర్థి అయినా, ఏ మతం వాడైనా, మన గడప తొక్కక తప్పని పరిస్థితి వచ్చింది. దాని విలువ ఎంతటిదో ఉపఎన్నికలలో తేటతెల్లంగా కనబడుతుంది.

కోవూరులో ఇటువంటి ఘట్టాలు రెండు జరిగాయి. 1989లో తెలుగుదేశం పక్షాన ఎన్నికైన నల్లపరెడ్డి శ్రీనివాసులురెడ్డి మరణంతో 1993లో మొదటి ఉపఎన్నిక వచ్చింది. ఆయన కుమారుడు ప్రసన్నకుమార్‌రెడ్డి అదే పార్టీ తరఫున గెలిచారు.

ఆ ఏడాది నెల్లూరు జిల్లాకు మరొక విధంగా కూడా చిరస్మరణీయమైనది. కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతులలో కూర్చుని, తమ కాపురాలను కూల్చుతున్నది సారాయే అని గుర్తించి 1992లో ఉద్యమం లేవదీశారు. అది జిల్లా అంతటా వ్యాపించింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 ఎన్నికల నాటికి సంపూర్ణ మద్యనిషేధం తెలుగుదేశం వాగ్దానమైంది. 1995 జనవరిలో అమలుకు వచ్చింది. 1997లో సడలించారు. మద్యాన్ని పాపాలకు తల్లిగా ఎంచే మనకు ఈ చరిత్ర ప్రత్యేకంగా బోధించేది ఉంది. ఏ అభ్యర్థీ అడగని ప్రశ్నను పేద స్త్రీలు అడిగారు. పార్టీలు జవాబు చెప్పక తప్పలేదు. మర్యాదగా, గట్టిగా, అందరూ కలిసి అడిగినప్పుడు ఓటరుకు ఎంత బలముందో వారు నిరూపించారు.

రెండవ ఉపఎన్నిక 2012లో వచ్చింది. 2004లో కాంగ్రెసు అభ్యర్థి పోలంరెడ్డి శ్రీనివాసులురెడ్డి చేతిలో ఓడిన ప్రసన్నకుమార్‌రెడ్డి 2009లో తెలుగుదేశం టికెట్టుపై తిరిగి గెలిచారు. అదే సంవత్సరం సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. ఆయన కుమారుడు జగన్‌మోహన్‌రెడ్డి కాంగ్రెసును వీడి 2011లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసును ముందుకు తెచ్చారు. ప్రసన్నకుమార్‌రెడ్డి తెలుగుదేశం నుండి విడిపోయి ఆయన వెంట నడవడంతో కోవూరు స్థానం ఖాళీ అయింది.

2012 మార్చి 18న పోలింగు జరిగింది. అదే రోజున తెలంగాణలోని 6 స్థానాలకు కూడా ఉపఎన్నికలు జరిగాయి. అక్కడి ప్రశ్న ప్రత్యేక రాష్ట్రం. కోవూరులో మాత్రం ప్రశ్న వేరు. వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున ప్రసన్నకుమార్‌రెడ్డి, తెలుగుదేశం తరఫున సోమిరెడ్డి చంద్రమోహన్‌రెడ్డి, కాంగ్రెసు తరఫున పోలంరెడ్డి శ్రీనివాసులురెడ్డి నిలిచారు. సోమిరెడ్డి అంతకుముందు 1994లోనూ, 1999లోనూ పొరుగున ఉన్న సర్వేపల్లి నుండి గెలిచినవారు. ఒకవైపు మరణించిన నాయకుని పట్ల అభిమానం, మరొకవైపు పార్టీ మారిన వ్యక్తికి బుద్ధి చెప్పండన్న పిలుపు. 23 వేలకు పైగా ఆధిక్యంతో ప్రసన్నకుమార్‌రెడ్డి గెలిచారు. రాష్ట్రంలో అధికారంలో ఉన్న కాంగ్రెసుకు మూడవ స్థానం దక్కింది.

ఆనాడు ముస్లిముల మనసులో మెదులుతున్న ఒక అంశాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్లు కల్పిస్తూ చట్టం చేసింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అవి కొనసాగాయి. ఒక పిల్లవానికి ఇంజనీరింగు సీటు దొరకడం ఒక కుటుంబానికి ఎంతటి మేలో ఆ కుటుంబానికే తెలుసు. మేలు చేసినవారిని గుర్తుంచుకోవడం మంచి గుణమే. అయితే ఓటు కేవలం కృతజ్ఞత కాదు. రేపటి పనికి ఇచ్చే అధికారపత్రం కూడా. చేసిన మేలును తలచుకోవడంతోపాటు, చేయవలసిన పనిని అడగడం కూడా ఓటరు బాధ్యతే.

కోవూరు కథ అక్కడితో ఆగలేదు. 2012లో కాంగ్రెసు అభ్యర్థిగా మూడవ స్థానంలో నిలిచిన పోలంరెడ్డి 2014లో తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచారు. 2019లో ప్రసన్నకుమార్‌రెడ్డి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు నుండి తిరిగి గెలిచారు. 2024లో తెలుగుదేశం అభ్యర్థి వేమిరెడ్డి ప్రశాంతిరెడ్డి గెలిచారు. ఇరవై ఏళ్ళలో మనుషులు దాదాపు వారే, జెండాలు మాత్రం మారుతూ వచ్చాయి. ఇందులో ఒకరిని నిందించడం మన ఉద్దేశం కాదు. జెండాను చూసి మాత్రమే ఓటు వేసినవాడు ఇక్కడ ఎన్నిసార్లు తికమకపడి ఉంటాడో ఆలోచించాలి.

పోటీ ఉన్నప్పుడే ఓటరుకు విలువ అన్నది మరొక పాఠం. మంత్రి మేకపాటి గౌతంరెడ్డి 2022 ఫిబ్రవరిలో మరణించగా, అదే జిల్లాలో లోపలి వైపున ఉన్న ఆత్మకూరులో జూన్ 23న ఉపఎన్నిక జరిగింది. మరణించినవారి కుటుంబం నిలబడిన చోట పోటీ చేయరాదన్న ఆనవాయితీని పాటించి తెలుగుదేశం బరిలో దిగలేదు. గౌతంరెడ్డి సోదరుడు విక్రంరెడ్డి భారతీయ జనతా పార్టీ అభ్యర్థిపై 82 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ ఆనవాయితీలో సానుభూతి ఉంది, సంస్కారం ఉంది. కాని గట్టి పోటీ లేని చోట ఓటరును అడిగేవారూ తక్కువే, ఓటరు అడగగలిగేదీ తక్కువే.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటరుకు డబ్బో, కానుకో ఇవ్వడం అవినీతికర చర్య. మతం పేరుతో ఓటు అడగడం కూడా అంతే. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురు ముగ్గురు తేడాతో, ఈ నిషేధం అభ్యర్థి మతానికే గాక ఓటరు మతానికి కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అంటే ‘మీరు ముస్లిములు గనుక నాకు ఓటు వేయండి’ అని మన వద్దకు వచ్చి అడగడానికీ వీలు లేదు, మనకు వ్యతిరేకంగా మరొకరిని రెచ్చగొట్టి అడగడానికీ వీలు లేదు. బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగకు అన్ని మతాల జనం కలిసివచ్చే జిల్లాలో ఈ తీర్పు ఎవరికీ కొత్తగా తోచనక్కరలేదు.

చట్టం చేరలేని చోటికి విశ్వాసం చేరుతుంది. ఓటును గురించి మన ఉలమాలు మూడు మాటలు చెప్పారు: అది సాక్ష్యం, సిఫారసు, వకాలతు. ఇతడు యోగ్యుడని సాక్ష్యం చెబుతున్నాము, ఇతనికి పదవి ఇమ్మని సిఫారసు చేస్తున్నాము, మన పక్షాన పనిచేయమని వకీలుగా నియమిస్తున్నాము. అమానతులను అర్హులకు అప్పగించమని సూరా నిసా 58వ వాక్యం ఆదేశిస్తుంది. స్వజనానికి వ్యతిరేకమైనా న్యాయసాక్ష్యం పలకమని అదే సూరా 135వ వాక్యం చెబుతుంది. లంచం ఇచ్చేవానినీ పుచ్చుకునేవానినీ మహాప్రవక్త (స) శపించిన సంగతి తెలియని ముస్లిం ఉండడు. అయినా పోలింగు ముందు రాత్రి కవరు అందుకునే చెయ్యి అది లంచమని అనుకోదు. ‘అందరూ తీసుకుంటున్నారు’ అన్న సమాధానం రేపు అల్లాహ్ సన్నిధిలో చెల్లుతుందా?

ఇంకొక దురాచారం కూడా ఉంది. ‘మా పేట ఓట్లన్నీ మీకే’ అని ఒక పెద్దమనిషి అభ్యర్థికి గంపగుత్తగా మాట ఇవ్వడం. ఎవరి సాక్ష్యాన్ని ఎవరు పలకగలరు? ప్రత్యేక నియోజకవర్గాల కాలంలో పేద ముస్లిమును చట్టమే జాబితాకు దూరంగా ఉంచింది. నేడు చట్టం ఇచ్చిన ఓటును మనలోని మధ్యవర్తే కాజేస్తే, ఆ పేదవాని స్థితి 1937లో ఉన్న చోటనే ఉన్నట్లు.

కాబట్టి మరొకసారి అభ్యర్థి గడప ముందు నిలిచినప్పుడు అతనిని కూర్చోబెట్టి అడగవలసినవి ఉన్నాయి. వక్ఫ్ భూములు ఎవరి చేతిలో ఉన్నాయి? ఉర్దూ బడిలో ఉపాధ్యాయుని ఖాళీ ఎందుకు నిండలేదు? కాలువ చివరి పొలానికి నీరు ఎందుకు చేరడం లేదు? చివరి ప్రశ్న హిందూ రైతుకూ ముస్లిం రైతుకూ ఒక్కటే. దానిని ఇద్దరూ కలిసి అడిగిన నాడు అభ్యర్థి జవాబు కూడా మారుతుంది. వేరువేరు జాబితాలలో ఉన్న రోజులలో మన తాతలకు ఆ అవకాశం లేదు. మనకు ఉంది.